చిత్రంలోని స్త్రీ మనఃస్థితిని, ప్రతీకలను చదవడం ఎలా: వెర్మీర్ వేసిన ఒక చిత్రం ఆధారంగా

ఒంటరిగా ఉన్న స్త్రీ చిత్రం ఎదుట నిలబడగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట "పాపం, ఏదో బాధలో ఉంది" అనో, "ఎంత ప్రశాంతంగా ఉందో" అనో ఉంటుంది. ఆ మాట తప్పు కానక్కరలేదు. అయితే అది చిత్రంలోంచి పుట్టిందో, అప్పటికే మన మనసులో ఉన్నదాంట్లోంచి పుట్టిందో తేల్చుకోకుండా ముందుకు సాగితే, ఆపైన చేసే వ్యాఖ్యానమంతా ఆ మొదటి మాటకు సాక్ష్యాలు వెతికే పనిగానే మిగులుతుంది. ఆ చిక్కులో పడకుండా ఒక చిత్రాన్ని ఏ వరుసలో చూడాలో, దేన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకోసం ఒకే చిత్రాన్ని దగ్గర పెట్టుకుందాం. డెల్ఫ్ట్ నగరానికి చెందిన డచ్చి చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ (1632–1675) 1657–59 ప్రాంతంలో వేసిన తైలవర్ణ చిత్రం అది. తెరిచిన కిటికీ దగ్గర ఒక యువతి నిలబడి ఉత్తరం చదువుకుంటూ ఉంటుంది. ఎత్తు 83 సెంటీమీటర్లు, వెడల్పు 64.5 సెంటీమీటర్లు. జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. వ్యాఖ్యాతలను ఇంతగా పరీక్షించిన చిత్రం మరొకటి దొరకడం కష్టం, ఎందుకంటే తరతరాలుగా లోకం చూసిన రూపం ఒకటైతే, 2021 నుంచి చూస్తున్న రూపం మరొకటి. ఇంటర్నెట్‌లో వెతికితే రెండూ దొరుకుతాయి. ఒకదానిలో యువతి వెనక గోడ బోసిగా ఉంటుంది. రెండోదానిలో అదే గోడ మీద విల్లు పట్టుకున్న బాలుడి పెద్ద పటం ఉంటుంది. రెండింటినీ దింపుకుని ఉంచుకోండి. ముందుగా పటం ఉన్న కొత్త రూపాన్నే తెరవండి. ఫోన్ తెర కంటే కంప్యూటర్ తెర మేలు, పెద్ద పరిమాణంలో ఉన్న బొమ్మ అయితే మరీ మేలు.

కనిపించేది ముందు, అనిపించేది తర్వాత

ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు కంటికి కనిపించేవి మాత్రమే, కుడివైపు మనసుకు అనిపించేవి రాయండి. ఎడమ భాగం నిండేదాకా కుడి భాగం ముట్టుకోకపోవడం మంచిది. ఇది బడిపిల్లల అభ్యాసంలా కనిపించవచ్చు గాని, నా ఉద్దేశంలో మొత్తం పనిలో కష్టమైన భాగం ఇదే. "దిగులుగా నిలబడింది" అనే వాక్యంలో "నిలబడింది" అన్నది కనిపించేది, "దిగులుగా" అన్నది అప్పుడే చొరబడిన తీర్పు.

ఈ చిత్రానికి ఎడమ భాగం ఇంచుమించు ఇలా ఉంటుంది. యువతి ఎడమవైపుకు తిరిగి పక్కముఖంగా నిలబడి ఉంది. తల కాస్త వంగి, కనురెప్పలు వాలి ఉన్నాయి. చూపు కిటికీ బయటికి గాని, మనవైపు గాని లేదు. రెండు చేతులూ కాగితాన్ని ఛాతీ ఎత్తున బిగించి పట్టుకున్నాయి. పసుపు, నలుపు కలిసిన దుస్తులు వేసుకుంది, జుట్టు వెనక్కి ముడిచి ఉంది. కిటికీ రెక్క గదిలోపలికి తెరుచుకుని ఉండగా, దాని అద్దపు పలకల్లో ఆమె ముఖం నీడగా కనిపిస్తోంది. ఎర్రని తెర ఒకటి ఆ రెక్క మీదుగా వేలాడుతోంది. గది మూలన ఒక కుర్చీ ఉంది. వెనక గోడ మీద విల్లు పట్టుకున్న బాలుడి పెద్ద పటం ఉంది. మనకూ ఆమెకూ నడుమ బల్ల ఉంది, దాని మీద తూర్పుదేశపు తివాచీ ముడతలు పడి పోగుపడి ఉంది, ఆ ముడతల్లో పళ్ల పళ్లెం ఒరిగి ఉంది. పళ్లలో ఒక పీచ్ పండు కోసి ఉంది, గింజ కనిపిస్తోంది. అన్నిటికంటే ముందు, కుడి అంచున, పైనున్న కడ్డీకి రింగులతో తగిలించిన ఆకుపచ్చ తెర కిందిదాకా జారి ఉంది.

ఈ జాబితా రాస్తున్నప్పుడే ఒక సంగతి బయటపడుతుంది. ఆకుపచ్చ తెర గదిలోనిది కాదు. ఆ కాలంలో హాలండ్‌లో విలువైన చిత్రాల మీద దుమ్ము పడకుండా తెరలు వేసే వాడుక ఉండేది. అలాంటి తెర ఒకటి చిత్రం ముందు వేలాడుతున్నట్టు, ఎవరో దాన్ని ఇప్పుడే పక్కకు లాగినట్టు భ్రమ కలిగేలా వెర్మీర్ దాన్ని వేశాడు. అంటే మనం చూడాల్సినదాన్ని కాక, మూసి ఉండాల్సినదాన్ని చూస్తున్నామన్న భావన చిత్రంలోనే అమరి ఉంది. దీన్ని గమనించకుండా నేరుగా ముఖకవళికల మీదికి వెళ్లిన వ్యాఖ్యానం చిత్రంలో సగాన్ని వదిలేసినట్టే.

భావం ముఖంలో మాత్రమే ఉండదు

స్త్రీ చిత్రం అనగానే ముఖాన్నే చదవాలన్న అలవాటు మనలో గట్టిగా పాతుకుపోయింది. ఈ యువతి ముఖం నుంచి దొరికేది చాలా తక్కువ, ఆమె నవ్వడం లేదు, ఏడవడం లేదు. అయినా చిత్రంలో భావం దట్టంగా ఉంది. అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి ముఖాన్ని వేలితో మూసి చూడండి. అప్పుడు చేతులు మాట్లాడతాయి. ఉత్తరాన్ని తేలిగ్గా పట్టుకుని చదివే మనిషి వేళ్లు అలా ఉండవు. ఇంకా నమ్మకం కలగకపోతే లేచి నిలబడి, ఒక కాగితం తీసుకుని, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టి, తల అంతే వంచి ఒక నిమిషం ఉండండి. భుజాల్లో తెలిసే బిగువు వ్యాఖ్యాన గ్రంథాల్లో కంటే సూటిగా విషయం చెబుతుంది.

తర్వాత దూరాన్ని కొలవండి. ఆమె తల చిత్రం ఎత్తులో దాదాపు సగం దగ్గరే ఆగిపోతుంది, పైనంతా గోడ, దాని మీది పటం. ముందు తెర, బల్ల, తివాచీ అడ్డుగా ఉన్నాయి. చిత్రకారుడు కావాలనుకుంటే ఆమెను దగ్గరికి తెచ్చి పెద్దగా చూపగలిగేవాడు, కాని మనల్ని గది ఇవతలే ఆపాడు. కిటికీ తెరిచి ఉన్నా ఆమె బయటికి చూడకపోవడం, వెలుగు ఆమె నుదుటి మీద, చేతుల మీద, కాగితం మీద పడటం కలిసి ఒక మాట చెబుతున్నాయి: ఆమెకు బయటి లోకం ఆ క్షణాన ఆ కాగితంలోనే ఉంది. వెలుగు ఎక్కడెక్కడ పోగుపడిందో స్పష్టంగా తెలియాలంటే బొమ్మను ఫోన్‌లోనే నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రంగుల ఆకర్షణ తొలగగానే చిత్రకారుడు మన చూపును ఎటు నడిపించాడో బయటపడుతుంది.

అద్దంలోని ప్రతిబింబం మీద కాస్త ఆగాలి. మనకు పక్కముఖంగా ఉన్న ఆమె, అద్దంలో కొంచెం మనవైపు తిరిగినట్టు, మసకగా, పలకల గీతల మధ్య ముక్కలై కనిపిస్తుంది. ఒకే మనిషికి రెండు ముఖాలు, ఒకటి వెలుగులో, ఒకటి నీడలో. ఇక్కడే "ఆమె అంతరంగం చీలిపోయింది" అని రాసేయాలనిపిస్తుంది. అంత దూరం వెళ్లకండి. ప్రతిబింబం వల్ల ఆమె లోపలి జీవితం మీద మన ధ్యాస రెట్టింపవుతుందని చెప్పడానికి చిత్రంలో ఆధారం ఉంది, ఆ జీవితంలో ఏముందో చెప్పడానికి లేదు.

ఇక కుడి భాగంలో భావానికి పేరు పెట్టాలి. విచారం, సంతోషం, ప్రశాంతత అనే మూడు మాటలతో సరిపెట్టుకోకండి. మన అలంకారశాస్త్రం వ్యభిచారి భావాలను, అంటే మనసులో వచ్చిపోయే భావాలను, 33గా లెక్కించింది. శంక, ఔత్సుక్యం, చింత, వ్రీడ, ధృతి వంటి ఆ పేర్లు సన్నని తేడాలు చెప్పడానికి ఎంతో పనికొస్తాయి. డచ్చి చిత్రకారుడికి నాట్యశాస్త్రం రాసిన భరతుడితో సంబంధం లేదు కాబట్టి రససిద్ధాంతాన్ని చిత్రం మీద రుద్దడం తగదు గాని, పదసంపదగా వాడుకోవడంలో తప్పులేదు. నామటుకు నాకు ఈ యువతిలో కనిపించేది ఔత్సుక్యం, శంక కలిసిన ఏకాగ్రత. "విరహం" అనాలంటే ఉత్తరం ఎవరు రాశారో తెలియాలి. చిత్రం ఆ సంగతి నేరుగా చెప్పదు, గోడ మీది పటం మాత్రం సూచిస్తుంది.

ఏది వస్తువు, ఏది ప్రతీక

ప్రతి వస్తువుకూ గూఢార్థం వెతకడం ఈ దారిలో తరచుగా కనిపించే దోషం. కుర్చీ కుర్చీయే కావచ్చు. ఒక వస్తువును ప్రతీకగా తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది లేకపోయినా దృశ్యం నడుస్తుందా? చిత్రకారుడు దానికి మామూలు కంటే ఎక్కువ చోటో, వెలుగో, విచిత్రమైన స్థితో ఇచ్చాడా? ఆ కాలపు ప్రేక్షకులకు దాని అర్థం పరిచితమేనా? మూడింటికీ అవునని వస్తే ప్రతీక అని ధైర్యంగా చెప్పవచ్చు. ఒక్కదానికే వస్తే "కావచ్చు" దగ్గర ఆగడం మేలు.

గోడ మీది బాలుడితో పరీక్షించి చూద్దాం. అతడు యూరప్ పురాణాల్లోని ప్రేమదేవత క్యూపిడ్. అతడు లేకున్నా యువతి ఉత్తరం చదువుకోగలదు, కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు అవును. అతడి పటం గోడలో పెద్ద భాగాన్ని ఆక్రమించి, సరిగ్గా ఆమె వెనకే ఉంది. మూడో ప్రశ్నకు జవాబు ఆ కాలపు హాలండ్‌లో ఉంది. బొమ్మ, దాని కింద సూక్తి, దానికొక పద్యం ఉండే ప్రతీకల పుస్తకాలు అక్కడ విరివిగా అచ్చయ్యేవి, వాటిలో క్యూపిడ్ బొమ్మలకు కొదవలేదు. ఈ పటంలో క్యూపిడ్ నేల మీద పడి ఉన్న ముసుగులను (ముఖానికి తొడుక్కునే మాస్కులను) కాలితో తొక్కుతున్నాడు. ముసుగు కపటానికి గుర్తు, దాన్ని తొక్కడమంటే నిజమైన ప్రేమ కపటాన్ని జయించడం. అందువల్ల ఆమె చేతిలోది ప్రేమలేఖ అనడానికి బలమైన ఆధారం దొరికింది. పైగా వెర్మీర్ ఈ క్యూపిడ్ పటాన్ని ఇతర చిత్రాల్లోనూ గోడకు తగిలించాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, సంగీతవాద్యం ముందు నిలబడిన యువతి చిత్రం అందుకు ఉదాహరణ. ఒక చిత్రకారుడు ఒకే వస్తువును మళ్లీ మళ్లీ ఎక్కడెక్కడ పెట్టాడో వెతకడం ఏ నిఘంటువు కంటే నమ్మదగిన పద్ధతి.

పళ్ల సంగతి ఇంత తేలిక కాదు. కోసిన పీచ్, ఒరిగిన పళ్లెం, నలిగిన తివాచీ కలిసి నియమం తప్పిన ప్రేమను సూచిస్తాయని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. పళ్లెం ఒరిగి ఉండటం విచిత్రమైన స్థితే గనుక రెండో ప్రశ్నకు అవునని చెప్పవచ్చు. అయితే తొక్కిన ముసుగులు నిజాయితీ గల ప్రేమను చూపుతుంటే పళ్లు తప్పుదారిని చూపుతున్నాయనడం పొసగడం లేదు. పొసగనప్పుడు రెండింటినీ బలవంతంగా కలపకుండా, చిత్రం నిశ్చయంగా చెప్పకుండా వదిలిన చోటు ఇది అని రాయడమే నిజాయితీ.

ప్రతీక పుట్టిన నేల

మన్మథుడికీ విల్లుంది కదా అని క్యూపిడ్‌ను మన్మథుడిగా అనువదించుకుంటే సగం దూరమే వెళ్తాం. చెరకు విల్లు, పూలబాణాలు, శివుడి కంటిమంటలో కాలిపోయిన కథ ఈ పటంలో లేవు, ఈ పటంలోని ముసుగులు మన కథలో లేవు. ఇదే మాట తిప్పి కూడా చెప్పాలి. హిమాలయ ప్రాంతపు పహాడీ సూక్ష్మచిత్రాల్లో అభిసారిక చీకటి రాత్రి అడవిదారిన ప్రియుణ్ణి కలవడానికి వెళ్తుంటే కాళ్ల దగ్గర పాములు, ఆకాశంలో మెరుపు కనిపిస్తాయి. యూరప్ క్రైస్తవ చిత్రాలకు అలవాటుపడిన కన్ను ఆ పామును చూసి పాపం అనుకుంటుంది. ఇక్కడ అది దారిలోని ప్రమాదం, దాన్ని లక్ష్యపెట్టని ఆమె తెగువకు కొలత. తెలుపు కూడా అంతే. వెన్నెల రాత్రి బయల్దేరే శుక్లాభిసారిక తెల్లని బట్టలు కట్టేది వెన్నెల్లో కలిసిపోయి ఎవరి కంటా పడకుండా ఉండటానికి. తెలుపు పవిత్రతకు గుర్తు అనో, వైధవ్యానికి గుర్తు అనో జాబితా పట్టుకుని చదివేవారికి ఈ బొమ్మ అందదు. రంగుల అర్థాలు వరుసగా రాసి పెట్టిన పట్టికలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టండి.

వ్యాఖ్యానాన్ని చెరిపి చూడటం

ఇప్పుడు రెండో బొమ్మ, అంటే బోసి గోడ ఉన్న పాత రూపం తెరవండి. యువతి అదే, వేళ్లు అవే, వెలుగు అదే, కాని భావం మారిపోతుంది. తల మీదున్న ఖాళీ అంతా ఆమె ఒంటరితనంగా మారి, ఉత్తరంలో చెడువార్త ఉందేమోనన్న అనుమానం రేగుతుంది. చాలా కాలం పాటు ఎందరో ఈ ఖాళీని మెచ్చుకున్నారు, వెర్మీర్ మౌనానికి అదే నిదర్శనమన్నారు. 1979లో తీసిన ఎక్స్‌రేలో గోడ కింద క్యూపిడ్ ఉన్నాడని తెలిసింది. అప్పుడు కూడా చిత్రకారుడే మనసు మార్చుకుని దాన్ని కప్పేశాడని భావించారు. 2017లో మొదలైన పునరుద్ధరణలో రంగుపొరలను పరీక్షించినప్పుడు, క్యూపిడ్ మీది వార్నిష్‌కూ, దాన్ని కప్పిన రంగుకూ నడుమ మురికి పొర కనిపించింది. మురికి పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. అంటే కప్పింది వెర్మీర్ కాదు, ఆయన మరణానంతరం మరెవరో. సూక్ష్మదర్శిని కింద సన్నని కత్తితో ఆ పైరంగును కొద్దికొద్దిగా గీకి తీసి, 2021 సెప్టెంబరులో చిత్రాన్ని తిరిగి ప్రదర్శించారు.

కంటికి పాత రూపమే ఎక్కువ హాయిగా ఉందనేవారు ఇప్పటికీ ఉన్నారు, నేనూ వారి పక్షమే. అది నా అభిరుచి మాత్రమే, వెర్మీర్ ఉద్దేశం కాదు, ఆ రెంటినీ వ్యాఖ్యానంలో వేరువేరు వాక్యాల్లో పెట్టడం నేర్చుకోవాలి. వెర్మీర్ కూడా ఈ చిత్రంలో ఒకదాన్ని కప్పాడు. కుడివైపు అడుగున ముందుగా ఒక పెద్ద గాజు పానపాత్ర వేసి, తర్వాత దాన్ని వద్దనుకుని ఆ చోట తెర వేశాడు. చిత్రకారుడు చెరిపినదీ, ఇతరులు చెరిపినదీ ఒకటి కావు. ఏదైనా పాత చిత్రం గురించి రాసే ముందు దాని పునరుద్ధరణ వివరాలను మ్యూజియం పేజీలో ఒకసారి చదవడం అందుకే అవసరం.

ఏ చిత్రాన్నయినా ఇలా చెరిపి చూడవచ్చు. ప్రతీక అనుకున్నదాన్ని వేలితోనో కాగితం ముక్కతోనో మూయండి. భావం మారకపోతే ఆ వస్తువుకు మీరు ఇచ్చిన బరువు ఎక్కువ. మారితే, ఏ వైపు మారిందో రాయండి.

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న వెర్మీర్ చిత్రం, తక్కెడ పట్టుకున్న స్త్రీ (సుమారు 1664), దీనికి మరో పాఠం జోడిస్తుంది. 1696లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని వేలం వేసినప్పుడు జాబితాలో "బంగారం తూస్తున్న యువతి" అన్న అర్థంలో నమోదు చేశారు. తర్వాతివారు ముత్యాలు తూస్తోందన్నారు. బల్ల మీద ముత్యాలు, గొలుసు ఉన్నాయి, గోడ మీద క్రైస్తవుల అంతిమ తీర్పు చిత్రం ఉంది, కాబట్టి లోకసంపద మీది మోహానికి హెచ్చరిక అని కథ చక్కగా అతికింది. సూక్ష్మదర్శినితో చూస్తే తక్కెడ సిబ్బెల్లో ఏమీ లేదు, మెరిసేది వెలుగు మాత్రమే. ఖాళీ తక్కెడ నిలకడగా ఉండాలని చూస్తున్న స్త్రీ, సంపద తూస్తున్న స్త్రీ ఒకే భావాన్ని ఇవ్వరు. మొదటిదానిలో నిగ్రహం, సమతూకం ఉన్నాయి. పేరుపలకను నమ్మి చిత్రాన్ని చూడటం మానేస్తే ఇలాగే జరుగుతుంది. అందుకే పేరును చివరన చదవమంటాను. పాత చిత్రాలకు పేర్లు చాలావరకు తర్వాతివారు పెట్టినవే.

రాసేటప్పుడు

వ్యాఖ్యానాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు ప్రతి తీర్పు వెనక ఒక కనిపించే ఆధారం ఉండాలి. "ఆమె ఆత్రుతలో ఉంది" అని ఆగిపోకుండా, "ఉత్తరాన్ని రెండు చేతులా బిగించి పట్టుకోవడం, తెరిచిన కిటికీ వైపు చూడకపోవడం వల్ల ఆమె ఆత్రుతగా చదువుతున్నట్టు తోస్తుంది, వెనకనున్న క్యూపిడ్ ఆ ఉత్తరం ప్రేమలేఖ అని సూచిస్తున్నాడు" అని రాస్తే, మీతో ఏకీభవించని పాఠకుడికి కూడా ఎక్కడ విభేదించాలో తెలుస్తుంది. "చిత్రకారుడు చెప్పదలచినది ఇదే" అన్న వాక్యాన్ని వీలైనంత పొదుపుగా వాడండి. వెర్మీర్ తన చిత్రాల గురించి రాసిన మాట ఒక్కటీ మన దాకా రాలేదు.

అలాగే, చిత్రంలోని స్త్రీ ముందుగా ఒక మనిషి అన్న ఎరుక రాతలో ఉండాలి. ఆమె ప్రేమకు సంకేతం, త్యాగానికి సంకేతం, మాతృత్వానికి సంకేతం అంటూ మొదలుపెట్టే వ్యాసాల్లో ఆమె ఏం చేస్తోందన్న సంగతే మాయమవుతుంటుంది. ఈ యువతి చదువుతోంది. అది పని, దానికి అక్షరం రావాలి, ఏకాంతం కావాలి. ఆ రెండూ ఆమెకు ఉన్నాయన్నది ఏ ప్రతీక కంటే తక్కువ విషయం కాదు.

ఈ పద్ధతిని ఇంటి దగ్గరి బొమ్మ మీద సాధన చేయాలంటే రాజా రవివర్మ శకుంతలను తీసుకోండి. పాదంలో ముల్లు దిగిందన్న నెపంతో ఆగి, చెలికత్తె భుజం మీద చేయి వేసి, కాలు పైకెత్తి, తల వెనక్కి తిప్పి చూస్తుంది. కాళిదాసు కథ తెలిసినవారు వెంటనే దుష్యంతుణ్ణి తలుచుకుంటారు. కథ తెలియనట్టు నటించి, ముందు ఎడమ భాగం నింపండి. దేహం అడవి దారి వైపు, చూపు దానికి ఎదురు వైపు ఉన్నాయి. ఆమె చూస్తున్నవాడు చిత్రంలో లేడు. డ్రెస్డెన్ చిత్రంలో ఉత్తరం రాసినవాడు లేనట్టే. రెండు చోట్లా లేని మనిషి వల్లనే ఉన్న మనిషిలో భావం కదులుతోంది, కాని ఒకామె తల వంచి లోపలికి వెళ్తే, మరొకామె ఒళ్లంతా వెనక్కి తిప్పి బయటపడుతోంది. ముల్లును ఇప్పుడు ప్రతీక అనాలా, నెపం అనాలా అన్నది పైన చెప్పిన మూడు ప్రశ్నలతో మీరే తేల్చండి. కథను కుడి భాగంలో చివరి వరసలో చేర్చండి, చేర్చాక అంతకు ముందు రాసిన వాక్యాల్లో ఏవి నిలిచాయో, ఏవి కొట్టేయాల్సి వచ్చిందో చూసుకోండి.